చక్రాలుంటే బండే

మా భాషలో బండి చాలా మంచి మాట. సైకిలూ బండే, స్కూటరూ బండే, ఊరికి తీసుకెళ్లే రైలూ బండే. చక్రాల మీద దొర్లేది ఏదైనా సరే, ఆ మాట కాదనదు. కాదన్నది మా ఆయనొక్కడే.

కరోనా మొదటి ఏడాది సూరత్‌లో మరమగ్గాలన్నీ, మేం సాంచలంటాం, మూతబడ్డాయి. మేముండే గోడాదరా పేటలో మా గల్లీ సగం ఖాళీ అయింది. కూరగాయలవాళ్లను మాత్రం పొద్దున పూట తిరగనిస్తున్నారని తెలిసి, నేనొక పాత తోపుడుబండి తెప్పించాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది మరి. ఆయన దాని వంక చూడనైనా చూడలేదు.

"గిదేం బండి? ఇంజను లేదు, బ్రేకు లేదు. ఇది ఠేలా. ఇరవై ఏండ్లు సాంచ నడిపినోడు ఠేలా నూకుతడా? నలుగురు చూస్తే నవ్వరా?"

"చక్రాలున్నయా లేవా? చక్రాలుంటే బండే. మూతికి మాస్కుంటది, నిన్నెవలు గుర్తుపడ్తరు?"

నాకు ఒళ్లు మండింది. కొత్త బండికి మావాళ్లు చేసేదంతా దానికీ చేశాను. పసుపు, కుంకుమ, పూలదండ, కొబ్బరికాయ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు.

"కరోనాకు తాగుదమంటే ఒక్క నిమ్మకాయ ఇయ్యవు, దీనికి నాలుగా!" అని గొణుక్కుంటూ తోశాడు.

ఖాళీ బండి కదా, కాయలు నలగలేదు, పక్కకు జారిపోయాయి. నిమ్మకాయ నలగకుండా బండి గడప దాటకూడదు.

"చూసినవా, బండి కాదని నిమ్మకాయలే చెప్తున్నయ్" అన్నాడు.

అంతే, కాయలు మళ్లీ సర్ది, నేనే ఎక్కి కూర్చున్నాను. నా బరువెంతో ఇక్కడ రాయను. ఈసారి ఆయన తోయగానే నాలుగూ పచ్చడైపోయాయి. బండి మాత్రం ఆగలేదు. మా గల్లీ పల్లంగా ఉంటుందన్న సంగతి ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. దండతో, కుంకుమతో, నాతో సహా అది దొర్లిపోతుంటే, కిటికీలోంచి ఒక గుజరాతీ ముసలమ్మ ఏం తెచ్చారు, ఎంతకిస్తారు అని అడిగింది. నేను రెండు చేతులా బండి అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

వెనక మా ఆయన, ఎవరు చూస్తున్నారన్న ధ్యాసే లేకుండా, గొంతు చించుకుంటూ పరుగెత్తుతున్నాడు.

"జరుగుండ్రి! జరుగుండ్రి! బండి అస్తుంది! నా బండి!"

బండి గోడకు గుద్దుకుని ఆగింది. ఆయన రొప్పుతూ వచ్చి, ముందు నాలుగు చక్రాలూ తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాతే నన్ను దింపాడు. నాకేమీ కోపం రాలేదు. రేపు పొద్దున ఈయన బయల్దేరతాడని ప్రాణం కుదుటపడింది.