తాళం తీయని బండి

మీకొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో నమ్మకం ఉంది, అనుమానం ఉంది, మాయమైన వాహనం ఉంది, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలున్నాయి. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాన్న మోహరించిన సంగ్రామం ఉంది. పైగా ఇది పల్నాడు. కోడిపందెం దగ్గర మొదలైన గొడవ యుద్ధం దాకా వెళ్ళిన నేల. అలాంటి చోట, గురజాల బజారులో ఒక మోటార్ సైకిల్ దగ్గర మొదలైన గొడవ ఎక్కడి దాకా వెళ్తుందో మీరే ఊహించుకోండి.

మెకానిక్ షెడ్డు దాకా వెళ్ళింది. మహాగాథ అన్నది కాస్త ఎక్కువైంది. మా నాన్న పాత బండికి ట్రాకర్ పెట్టించాలా వద్దా అని మా ఇంట్లో కొన్నాళ్ళు మాట్లాడుకున్నారు. పక్కన కూర్చుని నేను విన్నాను. అదీ సంగతి.

మాది తాళ్ళు, పట్టాలు, గోతాల కొట్టు. మిర్చి కల్లాల మీద వానొస్తే కప్పే నీలం పట్టాలు, బస్తాలు కుట్టే పురికొస, గేదెలకి కట్టే పలుపులు. ప్రపంచంలో దేన్నైనా కట్టెయ్యడానికి కావలసిన సరుకంతా అమ్మే మనిషి మా నాన్న. తన బండిని మాత్రం ఏనాడూ కట్టెయ్యలేదు. పొద్దున కొట్టు ముందు ఆపి, తాళంచెవి దానికే వదిలేసి లోపలికొస్తాడు. కొట్టు మూసేటప్పటికి బండి అక్కడే ఉంటే దాని మీద ఇంటికొస్తాడు, లేకపోతే నడిచొస్తాడు.

మా బజారు పద్ధతే అంత. బండి కావలసినవాడు వస్తాడు, ఎక్కుతాడు, కిక్కు కొడతాడు. పోతూ పోతూ కొట్లోకి ఒక కేకేస్తాడు: "అన్నా, బండీ!" అది అడగడం కాదు, చెప్పడం. నాన్న తలెత్తకుండా "ఊఁ" అంటాడు. అక్కడితో కాగితాల పని పూర్తయినట్టే. తాళంచెవి తీసి జేబులో వేసుకోవడమంటే బజారు మొత్తాన్నీ మొహం మీదే దొంగలనడం. ఎరువుల కొట్టాయన కొత్త బండి కొని ఒకసారి ఆ పని చేశాడు. ఇప్పటికీ ఆయన బండిని అందరూ "నగ" అంటారు. "ఏంది బాబాయ్, నగ బయటికి తీశావ్, ఎవరిదన్నా పెళ్ళా?" అని అడుగుతారు.

మా బండిని నగ అనే ధైర్యం ఎవరికీ లేదు. దానికీ నాకూ ఇంచుమించు ఒకటే వయసు, ఇంట్లో మర్యాద దానికే ఎక్కువ. నల్లరంగని కాగితాల్లో ఉంది. సెల్ఫ్ లేదు, కిక్కే. ఇండికేటర్లు వెలగవు. హారన్ మోగదు. వైరెక్కడో తెగిందని నాన్న, స్విచ్చి పోయిందని ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న బాబాయ్ చానా కాలంగా వాదించుకుంటున్నారు, ఇద్దరూ విప్పి చూడరు. కాబట్టి ఎవరు నడిపినా "తప్పుకో, తప్పుకో" అని అరుచుకుంటూ పోవడమే. గొంతుని బట్టి బండి ఎవరి చేతిలో ఉందో బజారుకి తెలిసిపోతుంది. ఆ లెక్కన మా బండికి ట్రాకర్ ముందునుంచీ ఉంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ చేతిసంచీతో కొట్టుకొచ్చింది. మాచర్లలో కంటి డాక్టరుకి చూపించుకోవాలి, బస్టాండు దాకా దింపమంది. బండి లేదు.

"టీ కొట్టు వాడు తీసుకెళ్ళాడు," అన్నాడు నాన్న.

టీ కొట్టు బాబాయ్ ఎదురుగా టీ వడపోస్తున్నాడు. "నేనా? నేను పొద్దున్నే సెలూన్ అతనికిచ్చా గదా వదినా," అన్నాడు. సెలూన్ అతను కత్తెర ఆపకుండానే, "మా బామ్మర్దికిచ్చా అక్కా, రెంటచింతల దాకా పోయొస్తానంటే" అన్నాడు. బామ్మర్దికి ఫోన్ చేస్తే, రెంటచింతలలో తెలిసినాయన మిర్చి బస్తా వేసుకోవాలంటే ఇచ్చాననీ, ఆయన పేరు నాలుక చివర ఉందనీ, గుర్తురాగానే చేస్తాననీ చెప్పాడు.

అమ్మ ఎండలో నడిచి వెళ్ళింది. బస్సు పోయింది. డాక్టరు కూడా పోయాడు, అంటే ఇంటికి.

పొద్దుగుంకే వేళకి బండి వచ్చింది. వెనక మిర్చి ఘాటు, ముందు మేమెవ్వరం ఎప్పుడూ చూడని మనిషి. "ఇది ఇక్కడెవరిదో అంట, ఇచ్చిరమ్మన్నారు," అన్నాడు.

"మాదే బాబూ," అన్నాడు నాన్న.

"ఓ, మీదేనా? వెనక బ్రేకు అస్సలు పట్టట్లా. ఇట్టాటి బండి జనానికిస్తే ఎట్టాగండీ, చూపించుకోండి."

నాన్న చూపిస్తానని మాటిచ్చి, అతనికి టీ చెప్పాడు. అమ్మ అదంతా కొట్టు గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క మాటా అనలేదు. మా అమ్మ ఏమీ అనలేదంటే ఎవరికో ఫోన్ చెయ్యబోతోందని లెక్క.

చేసింది మా బావకి, అంటే అక్క మొగుడికి. బావది నరసరావుపేటలో సెల్ ఫోన్ సామాను షాపు. ఛార్జర్లు, అద్దాలు, ఈ మధ్య బండ్లకి పెట్టే ట్రాకర్లు కూడా అమ్ముతున్నాడు. ఆదివారం అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పట్టుకుని కొట్టుకే దిగాడు. టీ తెప్పించుకుని, ఫోన్ తెరిచి మాకు పాఠం మొదలుపెట్టాడు.

"ఇదిగో మామయ్యా, ఈ నీలం చుక్క చూశారా? ఇదే మన బండి. ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగింది, ఎంతసేపాగింది, మొత్తం ఇందులో ఉంటది. ఇంకోటి, ఇక్కడ నొక్కితే ఎక్కడున్న బండి అక్కడ ఆగిపోద్ది."

"ఆగిపోద్దా?" అన్నాడు నాన్న. "ఎవడో ఆసుపత్రికి పోతుంటే?"

"దొంగోడు ఆసుపత్రికెందుకు పోతాడు మామయ్యా?"

"మా బండి మీద దొంగలు ఎక్కరు అల్లుడుగారూ. వాళ్ళకి హారన్ కావాలి."

జోకు నా వంతు అనుకునే లోపు నాన్న లాగేసుకున్నాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఆయన భయపడుతున్నాడని. మామూలుగా నాన్న జోకులెయ్యడు.

అమ్మ వాదన చిన్నదే. "డాక్టరు సంగతి వదిలెయ్. రేపు ఎవడో ఆ బండేసుకుని ఎవర్నో గుద్దేసి పోతే, స్టేషన్ కి పిలిచేది ఎవర్ని? మిర్చి బస్తా ఆయన్నా? నిన్ను. నువ్వెళ్ళి ఎస్సై గారికి ఏం చెప్తావు, 'ఊఁ' అంటావా?"

నాన్న పురికొస ఉండ తీసి చుట్టడం మొదలుపెట్టాడు. నేను బల్ల మార్చి అమ్మ పక్కన కూర్చున్నాను.

ఆ సాయంత్రం కొట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, పట్టా మడతపెడుతూ నాన్న అన్నాడు: "నేను మాచవరం నుంచొచ్చి ఇక్కడ కొట్టు పెట్టిన కొత్తల్లో, పక్క కొట్టువాడు కూడా పలకరించేవాడు కాదురా. బయటోణ్ణి గదా. అప్పుడు ఒకరోజు టీ కొట్టు వాడు చెప్పా పెట్టకుండా నా బండెక్కి పోయాడు. దొంగనుకుని సెంటర్ దాకా వెంటపడ్డా. వాళ్ళ అమ్మకి జ్వరమంట. తిరిగొచ్చి, బండాపి, టీ పోశాడు. ఆ రోజునుంచి నేను ఈ బజారు మనిషిని. ఇప్పుడు ఆ డబ్బా పెడితే బండి ఎవడడుగుతాడు?"

"అంటే మన పరపతంతా ఒక దొంగతనంతో మొదలైందన్నమాట."

"నీతో మాట్లాడ్డం నాదే బుద్ధి తక్కువ," అని పట్టా నా మీదికి విసిరాడు. కానీ ఆయన చెప్పింది నాకు ఎక్కింది. అమ్మకి కావలసింది బండి ఎక్కడుందో తెలియడం. నాన్నకి కావలసింది తను ఎక్కడివాడో బజారుకి గుర్తుండటం. రెండూ ఒకే ప్లగ్గులో పెట్టాలంటే కుదరట్లేదు.

ఇంతలో డబ్బా పెట్టకముందే పనిచెయ్యడం మొదలుపెట్టింది. బావ పాఠం చెప్పింది టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ గ్లాసు వచ్చింది ఎదురు కొట్టు నుంచి. కాబట్టి సోమవారానికి బజారు మొత్తానికి నీలం చుక్క గురించి తెలుసు.

మొదట వచ్చినవాడు సెలూన్ అతను. కేకెయ్యలేదు. మెట్లెక్కి లోపలికొచ్చి, చేతులు కట్టుకుని, "అన్నా, బండి కొంచెం తీసుకోవచ్చా?" అన్నాడు. నాన్న ఉలిక్కిపడ్డాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టి లెక్క అప్పజెప్పాడు. "బ్యాంకు దాకానే వెళ్ళానన్నా. దారిలో మందుల షాపు దగ్గర ఆగా, అదీ మా ఆవిడ మాత్రల కోసమే. ఇంకెక్కడా ఆగలా."

"నేనడిగానా?" అన్నాడు నాన్న.

"లేదన్నా. ముందే చెప్తే మంచిది గదా."

ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. బండి రోజంతా కొట్టు ముందు అలాగే ఉండేది, పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు. సీటు ఎండకి కాలిపోయేది. టీ కొట్టు బాబాయ్ పాల ప్యాకెట్లకి నడిచి వెళ్ళొస్తూ మా వైపు చూసి చూడనట్టు పోయేవాడు. టీ మాత్రం పంపేవాడు, కాకపోతే "అన్నా" అని అరిచి పంపేవాడు కాదు. నాన్న గుమ్మంలోకొచ్చి, దారినపోయేవాళ్ళని "ఏమయ్యా, నడిచి పోతున్నావేంది, బండి ఖాళీగానే ఉంది" అని పిలిచేవాడు. తాళ్ళు కొనమని కూడా ఆయన ఎవర్నీ అట్లా పిలవడం నేను చూడలేదు.

"పర్లేదన్నా, డాక్టరు నడవమన్నాడు," అనేవాళ్ళు. ఆ వారం గురజాలలో డాక్టర్లు చానామందిని నడవమన్నారు.

వారం చివర్లో నాన్న అన్నం కలుపుతూ, "పెట్టించండి," అన్నాడు. అమ్మ గరిటె ఆపి చూసింది. "ఇంక పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అడిగేవాడు లేడు. కానీ ఆ ఫోన్ నాకు చూపించొద్దు." గెలిచినందుకు అమ్మ సంతోషపడుతుందనుకున్నాను. పెరుగు ఇంకో గరిటె వేసింది, అంతే. ఆయనకి.

మర్నాడు ఆదివారం. బావ మళ్ళీ వచ్చాడు. ముగ్గురం బండిని బజారు చివరున్న మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాం. నాన్న దాన్ని నడపలేదు, నెట్టుకుంటూ తెచ్చాడు. ఆసుపత్రికి తెచ్చినట్టుందని నేనంటే, బావ నవ్వాడు, నాన్న నవ్వలేదు.

డబ్బా వైరు బ్యాటరీకి కలపడానికి మెకానిక్ పక్క రేకు విప్పాడు. వంగి చూశాడు. మళ్ళీ చూశాడు.

"అన్నా, బ్యాటరీ ఏది?"

"అందులోనే ఉంటది."

"ఇందులో ఇది ఉందన్నా." చెయ్యిపెట్టి బయటికి తీశాడు. నీలం పట్టా ముక్క. బ్యాటరీ అంత సైజులో పొందిగ్గా మడతపెట్టి, పురికొసతో అడ్డంగా నిలువుగా కట్టి ఉంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని అంచు వేళ్ళతో నలిపి చూశాడు. "మన సరుకే," అన్నాడు. అంత కష్టంలోనూ ఆయన గొంతులో కాస్త గర్వం లేకపోలేదు.

అప్పుడే మెకానిక్ కి టీ పట్టుకుని టీ కొట్టు బాబాయ్ వచ్చాడు. మా చేతుల్లో ముక్క చూశాడు.

"అదా? అది నేనే పెట్టా. పోయిన వానాకాలం గాలివానకి కరెంటు పోలా? కొట్లో లైటుకని బ్యాటరీ తీసుకెళ్ళా. ఖాళీగా ఉంటే రేకు గడగడలాడుద్దని ఈ ముక్క పెట్టా. తర్వాత బ్యాటరీ చచ్చిపోయింది, ఇంకేం తెచ్చిస్తాం."

"తీసుకెళ్తే చెప్పాలిగా బాబాయ్?" అన్నాడు బావ.

"చెప్పాగా! రోడ్డు మీద నుంచి కేకేశా, 'అన్నా, బ్యాటరీ!' అని. 'ఊఁ' అన్నాడు."

అందరం నాన్న వైపు తిరిగాం. నాన్న ఆలోచించాడు.

"అనే ఉంటా," అన్నాడు.

ముందు నవ్వింది మెకానిక్. తర్వాత బాబాయ్, తర్వాత నేను. నాన్న అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపాడు. హారన్ వైరు తెగిందని ఆయన, స్విచ్చి పోయిందని బాబాయ్ వాదించుకున్నన్నాళ్ళూ, బ్యాటరీ పట్టుకుపోయినవాడే స్విచ్చి మీద వాదించాడన్నమాట. ఆ మాట అడిగితే బాబాయ్, "మర్చిపోయాన్రా, నిజంగా," అన్నాడు. నమ్మాం. మర్చిపోయినవాడే అంత గట్టిగా వాదించగలడు.

బావ వ్యాపారస్తుడు కాబట్టి ముందు తేరుకున్నాడు. కొత్త బ్యాటరీ వేస్తే గంటలో పని అయిపోతుందన్నాడు. ఏం చెయ్యమంటావని నేను అమ్మకి ఫోన్ చేసి, జరిగింది మొత్తం చెప్పాను. అవతల గరిటె చప్పుడు ఆగింది. నవ్వుతోందో, ఇంకెవరికైనా ఫోన్ చెయ్యాలా అని ఆలోచిస్తోందో తెలియలేదు.

"కొత్తది వేస్తే అదీ ఎవడో పట్టుకుపోతాడు," అంది చివరికి. "అప్పుడు బ్యాటరీకి ఇంకో ట్రాకర్ పెట్టాలి. వద్దులే. వెనక బ్రేకు వేయించుకు రమ్మను. మంగళవారం మాచర్ల బస్సుకి మాత్రం ఆ బండి నా ముందు ఉండాలి, అది కూడా నువ్వే కేకేసి చెప్పు."

కేకేసి చెప్పాను. నాన్న, "ఊఁ" అన్నాడు. ఈసారి తలెత్తి మరీ అన్నాడు.

బ్రేకు బిగించేదాకా బాబాయ్ అక్కడే నిలబడ్డాడు. మెకానిక్ రేకు బిగించబోతుంటే ఆ పట్టా ముక్కని తనే మళ్ళీ లోపల సర్దాడు. ఖాళీ గ్లాసులు నా చేతిలో పెట్టి, బండెక్కి కిక్కు కొట్టాడు. పాల ప్యాకెట్లు తెచ్చుకోవాలంట. షెడ్డు దాటుతూ వెనక్కి తిరక్కుండా అరిచాడు: "అన్నా, బండీ!"

మేం నడిచి ఇంటికొచ్చాం. డబ్బా బావ బండికి పెట్టారు, నీలం చుక్క కనిపించే ఫోన్ అక్క దగ్గరుంది. బావ ఈ మధ్య టైముకి ఇంటికొస్తున్నాడట.

ఆ డబ్బా పనిచెయ్యాలంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉండాలి. కిక్కు కొట్టే బండికి అక్కర్లేదు.