శివారు మడి వంతు

ఎండిన కాలువలోకి నీళ్ళు వదిలితే ముందుగా వచ్చేది తడి మట్టి వాసన. మొన్న అనకాపల్లి దగ్గర షట్టరు ఎత్తించి గట్టు మీద నిలబడితే, ఆ వాసనకి జగన్నాథం గారు గుర్తొచ్చారు. నీటిపారుదల శాఖలో నా మొదటి పై అధికారి ఆయన. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజుల్లో నేను మాత్రం గట్టిగానే మాట్లాడేదాన్ని.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువలో మిగిలిన నీళ్ళు ఒక్క వంతుకే వస్తాయి. వరస ప్రకారం ఆ వంతు కాలువ చివర, శివారున ఉన్న అప్పలనరసమ్మ వరి మడిది. అంత దూరం పారేలోపు సగం నీళ్ళు నేలే తాగేస్తుంది. అవే నీళ్ళు పైన ఆపితే పదిహేను కుటుంబాల చెరకు నిలబడుతుంది. నేను కాగితం మీద లెక్క వేసి, గెలిచినదానిలా ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "లెక్కలో తప్పు లేదమ్మా. నష్టపోయే మనిషిని అడిగేవా?"

"ఒక్కరే కదండీ" అన్నాను.

"పదిహేను ఇళ్ళ లాభం నువ్వెంత కలిపినా ఆవిడ కంచంలోకి రాదు కదా" అన్నారు.

జీపులో ఇద్దరం వెళ్ళాం. మడిలో కలుపు తీస్తున్న అప్పలనరసమ్మ మమ్మల్ని చూసి నడుం పట్టుకుని లేచింది. "ఏటి బాబూ, నా వంతు తీసేత్తారేటి?"

"తియ్యం. పైన చెరకు ఎండిపోతోంది. నువ్విస్తావేమో అడుగుదామని వచ్చేం" అన్నారాయన.

ఆమె మడి వంక చూసింది. "ఇవ్వలేను బాబూ. ఏడాది తిండి ఇదే."

ఆయన సరేనని వెనక్కి తిరిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇవ్వనంటే ఊరుకునేదానికి ఇంత దూరం రావడమెందుకని జీపులో అడిగేశాను.

"కాదనడానికి వీల్లేకపోతే అది అడగడం ఎలాగవుతాదమ్మా?"

నీళ్ళు శివారుకే వెళ్ళాయి. పైన చెరకు చాలావరకు ఎండింది. ఆ రైతుల దగ్గరికి ఆయనే వెళ్ళి తిట్లన్నీ నిలబడి విన్నారు. వాళ్ళలో ఆయన బావమరిది కూడా ఉన్నాడనీ, ఆ తరవాత ఆ ఇంటితో రాకపోకలు ఆగిపోయాయనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన చేసింది సరైనదేనా అంటే ఇప్పటికీ పూర్తిగా అవుననలేను. ఆ ఎండిన చెరకూ నేను చూశాను. అయితే ఇప్పుడు నా సంతకానికి వచ్చే ప్రతి కాగితంలోనూ ఎంతమందికి మేలో రాసి ఉంటుంది. నష్టపోయేవాళ్ళ పేర్లు కూడా రాయమని వెనక్కి పంపుతాను. పేర్లు రాగానే జీపు తీయమంటాను. కాదంటారేమోనని ప్రతిసారీ భయపడుతూనే వెళ్తాను.