గూట్లో దేవుని కుండ

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా గుడిలో స్త్రీల సమాజం వాళ్లు ఇంటికొక స్టీలు డబ్బా పంచిపెట్టారు. పాతకాలపు పిడికెడు బియ్యం ఆనవాయితీని మళ్లీ మొదలుపెడుతున్నారట. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి దేవునికని ఆ డబ్బాలో వేసి, వారం చివర గుడికి తేవాలట. మా మనవరాలికి ఇది తెగ నచ్చింది. ఇంటికి రాగానే డబ్బాను గ్యాసుపొయ్యి పక్కన పెట్టి, మొదటి పిడికెడు నానమ్మే వేయాలని నా అరచేతిలో సన్నబియ్యం పోసింది. నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, కీళ్లవాతం వచ్చిన పిడికిలి సరిగా మూసుకోదు. సగం గింజలు బండ మీదికి రాలిపోయాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గింజలు రాలింది కీళ్లవాతం వల్లనేనని వాళ్లు అనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

నా చిన్నప్పుడు మా ఇల్లు యాకుత్‌పురా రైలు స్టేషను వెనక, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల వరుసలో ఉండేది. మా బాపు వారమంతా రైలింజన్ల మరమ్మతు షెడ్డులో ఫిట్టరు, ఆదివారం మాత్రం సంఘపెద్ద. అమ్మ నన్ను కన్న పదోనాడే పోతే, అప్పటికే భర్తను పోగొట్టుకున్న అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, నన్ను పెంచడానికని వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. నాకు నడక, మాట, ప్రార్థన అన్నీ నేర్పింది ఆమే. చిన్నమ్మకు అక్షరం ముక్క రాదు. బాపు పొద్దున్నే చదివి వినిపించే వాక్యాన్ని రొట్టెల పిండి పిసుకుతూ వినేది, విన్నదాన్ని నిజమేనని నమ్మేది. సంఘంలో మిగతా అందరం విన్నదాన్ని కంఠతా పట్టేవాళ్లం. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా వంటింటి గూట్లో పొగకు నల్లబడ్డ ఒక మట్టికుండ ఉండేది, దాని మీద ఇత్తడి పళ్లెం మూత. అదే దేవుని కుండ. ప్రతి వంటకూ మొదటి పిడికెడు అందులో పడవలసిందే, ఆ తర్వాతే మా నోటికి. శనివారం సాయంత్రం బాపు షెడ్డు నుంచి వచ్చి, చేతుల జిడ్డు కడుక్కుని, ఆ కుండను రెండు చేతులతో ఎత్తి బరువు చూసేవాడు. త్రాసు అక్కరలేదు, గింజ తగ్గినా ఆ చేతులు పట్టేసేవి. మా బాపు చెడ్డవాడని అనుకోకండి. ఒకరి పైసా ముట్టి ఎరగడు, అబద్ధమాడి ఎరగడు, మోకాళ్ల మీద ప్రార్థన చేసీ చేసీ ఆ మోకాళ్లు కాయలు కాచాయి. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు, తిట్టుకుని మరిచిపోయేదాన్ని.

యుద్ధం రోజులు వచ్చాయి. బియ్యం దొరకడం గగనమైపోయింది. కంట్రోలు దుకాణం ముందు పొద్దంతా నిలబడితే దొరికిన నూకలతో ఒంటిపూట అన్నం, రెండో పూట జొన్నగట్క. అయినా దేవుని పిడికెడు ఆగలేదు. నాకప్పుడు పన్నెండేళ్లు, ఎంత తిన్నా ఆకలి తీరని వయసు. ఒకనాడు ఆగలేక, పచ్చి బియ్యమే నాలుగు గింజలు నములుదామని గూట్లోకి చేయి పెట్టాను. చిన్నమ్మ నా చేతి మీద చటుక్కున ఒక్కటి వేసింది.

“ముట్టకు బిడ్డా, అది దేవునిది,” అంది.

ఆమె నన్ను కొట్టడం అదే మొదలు. చేయి మండినదానికంటే మనసు ఎక్కువ మండింది.

సరిగ్గా ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి తొందరగా వచ్చేసరికి, చిన్నమ్మ దేవుని కుండను ఒళ్లో పెట్టుకుని బియ్యమంతా కొంగులోకి వంచుకుంటోంది. మాకూ, ఖాలా అని మేం పిలిచే పక్కింటి ముస్లిం ఆమెకూ మధ్యగోడలో రెండిటుకలు ఊడిన సందు ఒకటి ఉండేది. ఆ ఇంటి నిప్పులు ఈ ఇంటికి, ఈ ఇంటి చింతపండు ఆ ఇంటికి, రంజానుకు వాళ్ల సేమ్యా, క్రిస్మసుకు మా గారెలు, అన్నీ ఆ సందులోంచే నడిచేవి. ఖాలా కూతురు కాన్పయి మూడు రోజులు, అల్లుడు ఎటు పోయాడో తెలియదు, ఇంట్లో గింజ లేదు, బాలింత కడుపులో గంజి పడక పసిగుడ్డుకు పాలు రావడం లేదు. ఇదంతా నాకు తెలుసు. ఆ పసివాడి ఏడుపు ముందురోజు నుంచీ వింటూనే ఉన్నాను. అయినా కొంగులోని బియ్యం ఆ సందులోంచి అవతలికి పోతుంటే నాకు తోచింది ఒక్కటే: నాకు నాలుగు గింజలివ్వని మనిషి వాళ్లకు కుండంతా ఇచ్చింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో పట్టిన ఆ పుణ్యం నాదే.

శనివారం బాపు కుండ ఎత్తాడు. ఎత్తగానే మొహం మారిపోయింది. “బియ్యమేమైనయ్?” అని అడిగాడు. చిన్నమ్మ చేతులు తుడుచుకుని చెప్పడానికి నోరు తెరిచింది, ఆమె దాచే మనిషి కాదు. ఆ లోపలే నేను అందుకున్నాను. “నాకు పెట్టలే బాపు, గోడవతలోళ్లకు పెట్టింది. దొంగతనంగ పెట్టింది, నేను చూసిన,” అన్నాను. సత్యం చెప్పిన పిల్లనని ఆ రాత్రి ప్రార్థనలో బాపు నా పేరు పెట్టి దేవునికి స్తోత్రం చెప్పాడు. నా అసూయకు సత్యమని పేరు పెట్టింది ఆయనే, ఆ పేరు నాకు ముద్దుగానే ఉండింది.

మా సంఘంలో తప్పు చేసినవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఆరాధన మధ్యలో లేచి నిలబడి, అందరి ముందూ తప్పును దాని పేరుతో చెప్పుకోవాలి. చెప్పుకునేదాకా ప్రభువు బల్లలో, యేసు కడపటి భోజనం గుర్తుగా పంచే ఆ పంక్తిలో, రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు, కూర్చోవడం తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట. మరదలని చూడకుండా బాపే ఆ విషయం సంఘం ముందు పెట్టాడు, అలా పెట్టినందుకు అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. చిన్నమ్మ లేచి నిలబడింది.

“ఇచ్చిన అంటే ఇచ్చిన అంట, అయ్యగారూ. దొంగిలించిన అని మాత్రం నా నోటితోని అనను. ఆకలైనోళ్లకు పెడితే దేవునికి చేరదా?”

పాదిరి అయ్యగారు తల దించుకున్నారు. ఆయన మెత్తని మనిషి. మెత్తనివాళ్లు గట్టివాళ్ల పక్కన కూర్చుంటే ఏమవుతుందో మీకూ తెలుసు. చిన్నమ్మ తలుపు దగ్గరికి వెళ్లి కూర్చుంది. నెలకొకసారి బల్ల వచ్చినప్పుడు రొట్టె పళ్లెం వరుసలన్నీ తిరిగి ఆమె ముందు నుంచే వెనక్కి వెళ్లిపోయేది. ఆ పళ్లెం వైపు ఆమె చూసే చూపు ముందు నా ఆకలి ఏపాటిది! ఇంట్లో దేవుని కుండ బాధ్యత నాకు వచ్చింది. వంట ఆమెదే, పిడికెడు మాత్రం నేను వేయాలి. ఆమె బియ్యం కొలిచి పెట్టి పక్కకు జరిగి నిలబడేది. నేను ఎంత ఠీవిగా వేసేదాన్నో తలుచుకుంటే, ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. వానాకాలంలో చిన్నమ్మకు జ్వరం పట్టుకుంది, ఇరవై రోజులైనా దిగలేదు. ఆమె మందు అడగలేదు, పాలు అడగలేదు, బల్ల అడిగింది. అయ్యగారు ఒక మధ్యాహ్నం తెల్లగుడ్డలో రొట్టె, చిన్న సీసాలో రసం పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. బాపు గడపలో నిలబడి, “ఒక్క మాట అనుమనుండ్రి అయ్యగారూ, దొంగిలించిన అని. గంతే,” అన్నాడు. చిన్నమ్మ నా చేయి పట్టుకుంది.

“చూసింది ఇదొక్కతే గద. ఇదే చెప్పనీ. దొంగతనమా బిడ్డా అది?”

అయ్యగారి మొహంలో ఆశ కనిపించింది. పిల్ల కాదంటే చాలు, ఇచ్చేస్తానన్నారు. నేను అనాల్సింది ‘కాదు’ అన్న ఆ ఒక్క మాట. నేను బాపు వైపు చూశాను. ఎనిమిది నెలలుగా సత్యం చెప్పిన పిల్లనని పొగిడిన మనిషి ఆయన. ఇప్పుడు కాదంటే అప్పుడు చెప్పింది అబద్ధమవుతుంది.

“దొంగతనమే,” అన్నాను.

చిన్నమ్మ నా చేయి వదల్లేదు. “అయ్యగారికి మంచినీళ్లియ్యి బిడ్డా, నడిచొచ్చిండ్రు,” అంది. ఆయన నీళ్లు తాగి, రొట్టెను మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దెక్కకముందే చిన్నమ్మ పోయింది.

బల్లకు దూరమైన మనిషి కాబట్టి గుడి గంట మోగలేదు, సంఘం పాట పాడలేదు. సమాధుల తోటలో లోపల చోటివ్వకుండా, గోడ వారగా చెత్త ఊడ్చి పోసే మూల ఆమెకు గుంట తవ్వారు. పాడె మోయడానికి మనుషులు చాలకపోతే ఖాలా తమ్ముళ్లిద్దరు వచ్చి భుజం పట్టారు. మూడో రోజున ఖాలా తనే మా గడప దగ్గరికి వచ్చింది, చంకలో ఆ పసివాడు, కొంగులో బియ్యం.

“తుమారే ఖుదా కే చావలాఁ హైఁ భాయ్, రఖ్ లేవ్,” అంది బాపుతో.

మీ దేవుడి బియ్యమివి, ఉంచుకోండి అని. బాపు వద్దంటాడనుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి కుండ తెచ్చి ఆమె ముందు పట్టాడు. ఆమె వంచింది. ఆయన కుండను రెండు చేతులతో ఎత్తి బరువు చూసి, గూట్లో పెట్టాడు. ఆ ఆదివారం నేనే దాన్ని గుడికి మోశాను. అంచుదాకా నిండిన కుండ చూసి, కరువు రోజుల్లో కూడా దేవుని భాగం తగ్గనివ్వని ఇల్లని సంఘమంతా మమ్మల్ని మెచ్చుకుంది.

ఇప్పుడు ఆ ఇళ్ల వరుస లేదు, బాపు లేడు, గోడలో సందులు అంతకన్నా లేవు. తలుపు దగ్గర ఎవరినీ కూర్చోబెట్టడం లేదు. కానుకలు కూడా ఫోన్లోంచే వెళ్లిపోతున్నాయి. మంచిదే. ఈ కాలం పిల్లలకు భక్తి తగ్గిందని మావాళ్లు వాపోతుంటే నేను మాట కలపను. మా కాలపు భక్తి ఎంత బరువుండేదో, దాన్ని ఎత్తి చూసిన చేతులేవో నాకు తెలుసు.

మనవరాలు బండ మీద రాలిన గింజలన్నీ ఏరి డబ్బాలో వేసింది. వచ్చే ఆదివారం బల్ల ఉంది. మోకాళ్లు వంగవని నన్ను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెడతారు, రొట్టె పళ్లెం అందరికంటే ముందు నా దగ్గరికే తెస్తారు. పన్నెండేళ్ల వయసులో “దొంగతనమే” అన్నదాన్ని. ఆ తర్వాత పెద్దదాన్నై బల్లలో చేరిన నాటి నుంచి ఈ నాటిదాకా, ఏ ఒక్క నెలా, ఎవరూ నన్ను ఆపలేదు.