అంతయ్య వాకిట్లో పాలపిట్ట

అల్మాస్‌గూడ అంతయ్య గొప్ప పక్షి ప్రేమికుడని కాలనీ సంఘం ఫ్లెక్సీ కట్టింది. పాలపిట్టలను పట్టించి అమ్ముకుంటాడని దాయాదులు ప్రచారం చేశారు. ఊళ్లోని పక్షులన్నిటినీ అతనొక్కడే వెళ్లగొట్టాడని మరికొందరన్నారు. మొదటి మాట ముఖస్తుతి. రెండోదానికి ఆధారం లేదు. అతను ఏ పిట్టనూ అమ్మలేదు. మూడోది అన్నవాళ్లు అతని దగ్గరే ప్లాట్లు కొని మూడంతస్తులు లేపినవాళ్లు.

అంతయ్య తండ్రి జొన్న పండించిన చేను ఇప్పుడు కాలనీ. అందులో అమ్ముడుపోని ఒక మూల ప్లాటు, ఆ ప్లాటులో తల విరిగిన తాటిమోడు, మోడు తొర్రలో ఒక పాలపిట్టల జంట మిగిలాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, ఈ కాలనీలోనే ఉంటున్న నాగేశ్వరి ఆ జంటను రోజూ గమనించేది. చుట్టుపక్కల మరో జంట లేదని రూఢి చేసుకున్నాక అంతయ్య ఇంటికి వెళ్లింది.

"అంతయ్యగారూ, ఆ మోడొక్కటీ ఉంచండి. అవి గూడు పెట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు లేదు."

"గంతేనా మేడం? ఎవ్వర్నీ ముట్టనియ్య. పోండ్రి."

మాట నిలబెట్టుకున్నాడు. మంచి బేరం వచ్చినా ఆ ప్లాటు అమ్మలేదు. అతని పక్షాన చెప్పదగినది ఇదొక్కటే కనుక చెప్పాలి.

దసరానాడు పాలపిట్టను చూడటం మన ఆచారం. ఊరి పొలిమేర దాటి నడవాలి, చెట్టుచెట్టూ వెతకాలి, కనబడితే దండం పెట్టుకోవాలి. ఆ వెతుకులాటే లేకపోతే ఆ ఆచారంలో మిగిలేదేమీ లేదు. అంతయ్యకు అది శ్రమగా తోచింది. జమ్మి పూజ అయ్యాక కాలనీ జనాన్నంతా తన ప్లాటు దగ్గరికి పిలిచాడు. ఆ సాయంత్రం పిట్ట రాలేదు. పక్కింటి మహేష్ ఊరుకుంటాడా?

"ఏందే అంతన్నా, నీ పిట్టకు పండుగ సెలవా? జర ఫోన్ జేసి పిలువరాదు!"

అందరూ నవ్వారు. ఒక పక్షి తన ఇష్టం వచ్చినప్పుడు రావడం అంతయ్యకు అవమానమైపోయింది.

మరుసటి దసరాకు తిరుపతి అనే వేటగాణ్ణి పిలిపించాడు. తిరుపతి మోడు మీద బంక పూసిన పుల్లలు పెట్టి ఒక పిట్టను పట్టాడు. పాలపిట్టను పట్టడం నేరమని ఆ కాలనీలో తెలియనివాళ్లు లేరు. పిట్ట వచ్చిందనగానే పట్టుచీరలతో, సెల్‌ఫోన్లతో అంతయ్య వాకిట్లో వరుస కట్టినవాళ్లూ వాళ్లే. పసుపు చల్లారు, కుంకుమ పెట్టారు, పిల్లల నెత్తిన తాకించారు. నాగేశ్వరి వచ్చేసరికి దాని నోరు తెరిచే ఉంది.

"దీన్ని పట్టించారా మీరు?"

"పట్టుడేంది మేడం! సుట్టాన్ని పిలిచినట్టు ఒక్క పూటకు పిలుసుకొచ్చిన."

"చుట్టాన్ని కాళ్లు కట్టి తెస్తారా?"

"మా బామ్మర్దినైతే గట్లనే తేవాలె మేడం!" అన్నాడు మహేష్. మళ్లీ నవ్వులు.

"మోడు ఉంచుతానని మాటిచ్చారు కదండీ!"

"మోడు ఉన్నది గద! నేనేమన్న కొట్టేసిన్నా? ఇగో, ఇప్పుడే ఇడుస్తున్న, సూడుండ్రి."

దారం తెంపి, రెండు చేతులతో పైకి విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. పిట్ట ఎగరలేదు. బంకకు ఈకలు అతుక్కుపోయిన రెక్కతో చెప్పుల గుట్ట మీద పడింది.

"బెదిరి బుగులువడ్డది. జరసేపైతే గదే పోతది," అని అంతయ్య అందరికీ జమ్మి ఆకు పంచడానికి వెళ్లిపోయాడు.

నాగేశ్వరి దాన్ని ఇంటికి తీసుకెళ్లి, బంక మీద నూనె రాసి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. తెల్లవారేసరికి చనిపోయింది. రెండో పిట్ట కొన్నాళ్లు కరెంటు తీగ మీద కూర్చుని అరిచింది. తర్వాత అదీ కనబడలేదు. ఆ తొర్రలో ఇప్పుడు గోరింకలున్నాయి.

చేను పోవడంలో అంతయ్యకున్నంత వాటా కొన్నవాళ్లందరికీ ఉంది. పిట్ట విషయంలో అలా కాదు. నలుగురూ నవ్వకూడదని, అల్మాస్‌గూడలో మిగిలిన ఆఖరి పాలపిట్టల జంటను అంతయ్య నాశనం చేశాడు.