స్వరూప ఒక్కపొద్దు

ఐదేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు. మా అక్కకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, అదే నాకు ధైర్యం. చదివాక తిట్టుకుంటే తిట్టుకోండి. నన్ను నేను తిట్టుకోని ఆదివారం లేదు.

మాది తణుకు వైపు. ఇల్లు మియాపూర్‌లో, ఉద్యోగం గచ్చిబౌలిలో. నలభై దాటాక షుగర్ వస్తుందన్న భయంతో పరుగు మొదలుపెట్టాను, చివరికి అదే పిచ్చయింది. స్టేడియం దగ్గర ఆదివారాలు చేరే మా గుంపులో ఆడవాళ్లందరికంటే ముందుండేది నేనే. ముందురోజు ఏం తినాలి, దారిలో ఎప్పుడు తాగాలి, కాళ్లు పట్టేస్తే ఏం చేయాలి అని కొత్తవాళ్లు నన్నే అడిగేవారు. నేనూ పెద్ద డాక్టరమ్మలా చెప్పేదాన్ని. అలా అడిగించుకోవడం నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్వరూప మా ఆఫీసులోనే జీతాల విభాగంలో చేసేది. బోరబండ పిల్ల. ఆమెను గుంపులోకి తెచ్చింది నేనే. పెళ్లయిన చాలా ఏళ్లకు కూతురు పుట్టిందని వెంకన్నకు మొక్కుకుని శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. పగలంతా మంచినీళ్లే. సాయంత్రం దీపం పెట్టాక రెండు అరటిపండ్లు, గ్లాసుడు పాలు. తెల్లారితే మా దూరపు పరుగు. మొదటి సగం నా పక్కనే కబుర్లు చెబుతూ హాయిగా వచ్చేది, చివరికొచ్చేసరికి కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేది. నేను డబ్బా తీసి గుడ్లూ పెరుగన్నమూ తింటుంటే, ఆమె ఒక చాయ్ తాగేసి వంట చేయాలంటూ ఇంటికి పరుగెత్తేది. పరుగు అవగానే తింటేనే కండరాలు తేరుకుంటాయని కొత్తవాళ్లందరికీ చెప్పిన నేను, ఆమెకు ఒక్క ముద్దయినా పెట్టానా?

ఒకసారి శనివారం నాడే ఆమెకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఒక్కపొద్దు ఉండకూడదని వాళ్లింట్లో పట్టింపు. మామూలుగా రెండుపూటలా అన్నం తింది. ఆదివారం నన్ను దాటేసి వెళ్లిపోయింది. ఎంత గట్టిగా పరుగెత్తినా అందుకోలేకపోయాను. చివర నేను రొప్పుతూ చేరేసరికి నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇయ్యాల సల్లగున్నది గదక్కా, అందుకే ఉరికిన" అంది.

అవునన్నాను. చలి వల్ల కాదని నాకు అప్పుడే తెలిసింది. ఆ తిండి ప్రతివారం తింటే మా గుంపులో ముందుండేది నేను కాదనీ తెలిసింది. నేను మాట్లాడలేదు. తనకే తెలుస్తుందిలే అనుకున్నాను. తనకు తెలియకూడదని అనుకున్నానా? అవును, అలాగే అనుకున్నాను. దానికి అసూయ తప్ప ఇంకో పేరు లేదు.

అది మౌనం. దాన్నయినా క్షమించవచ్చునేమో. తర్వాత జరిగింది వేరు.

మేమిద్దరం ఫుల్ మారథాన్‌కు పేర్లిచ్చాం. పరుగు ఆదివారం తెల్లవారుజామున. ఆ వారంలోనే ఆఫీసు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని అడిగింది.

"అక్కా, గీ శనివారం ఒక్కపొద్దు ఇడిచిపెట్టాల్నా? తెల్లారి అంత దూరం ఉరుకాలె గదా. మా అత్త అయితే ఏం గాదు, తిను అంటున్నది. జర నిజం చెప్పు."

నిజం చెప్పమనే అడిగింది. వాళ్ల అత్త కూడా తినమంది. నేను ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

"ఇన్నేళ్ల మొక్కు, పరుగు కోసం తప్పుతావా? అదే మనసులో పీకుతూ ఉంటుంది. పైగా ఖాళీ కడుపుతో ఒళ్లు తేలిగ్గా ఉంటుందిలే" అన్నాను.

"నువ్వు చెప్పినవంటే ఇగ ఫికర్ లేదక్కా" అంది.

దేవుణ్ణి కూడా వాడుకున్నాను. ఆ శనివారం నేను ఇంట్లో కూర్చుని పూటపూటకీ అన్నం, చిలగడదుంపలు, బెల్లం పానకం కడుపు నిండా పట్టించాను. ఆమె ఈ పూట మంచినీళ్లు తాగుతూ ఉంటుందని గుర్తొచ్చింది. ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు.

మర్నాడు, చివరి మైళ్లలో, ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ముందు ఎవరో తూలుతూ కనిపించారు. మొదట్లోనే నన్ను దాటిపోయిన స్వరూపే అని నాకు జడ చూడగానే తెలిసింది. నేను దగ్గరికి వచ్చేలోపే బోర్లా పడింది. గడ్డం చీలి రక్తం. వాలంటీర్లు పరుగెత్తుకొచ్చి ఎత్తి కూర్చోబెట్టారు. ఆమె నన్ను చూసి "అక్కా" అంది. నేను చెయ్యి ఊపి, వాళ్లున్నారుగా అనుకుంటూ ముందుకు వెళ్లిపోయాను. పరుగు పూర్తిచేశాను. మెడలో పతకం వేశారు. ఫొటో దిగాను, నవ్వాను కూడా.

దవాఖానలో గ్లూకోజు ఎక్కిస్తుంటే, కుట్లతో నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా నా చెయ్యి పట్టుకుంది.

"మొక్కు తప్పలే గాబట్టే పానం దక్కింది. మంచిగ చెప్పినవక్కా. నా పానానికి గీ ఉరుకుడు పడదు."

ఆ తర్వాత ఆమె పరుగెత్తలేదు. బూట్లు ఆడపడుచుకిచ్చేసింది. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు కూడా "నాకు దమ్ము సాలదు" అని లిఫ్టు దగ్గర ఆగిపోతుంది. నాలుగంతస్తులు నవ్వుతూ ఎక్కిన మనిషి. తన ఒంటి మీద తనకున్న నమ్మకాన్ని నేనే తీసేశాను, దానికి ఆమె నాకు కృతజ్ఞత చెబుతోంది.

ఎదుట నిలబడి చెప్పాలని చాలాసార్లు ఆమె సీటు దాకా వెళ్లాను. చాయ్ తాగుదామా అని అడిగి వచ్చేశాను. చెబితే ఆమె క్షమిస్తుంది, అదే నా భయం. తిడితే పడవచ్చు. ఆమె నవ్వి "ఏం గాదు తీయక్కా" అంటే, ఆ మాట వినడానికి నాకు ముఖం లేదు.

అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఒక్కసారైనా ఈ మాట నా లోపలి నుంచి బయటికి రావాలి. స్వరూప ఒంట్లో ఏ లోపమూ లేదు. కడుపుకి తిని ఉంటే నాకంటే ముందు చేరేది. అది నాకు తెలుసు, తెలిసే తినొద్దన్నాను.