బొంతలో ఉండిపోయిన సూది

నా చెయ్యి మంచిది కాదు. ఎవరో అన్న మాట కాదిది, నేనే చెబుతున్నాను. కోపం వస్తే నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. మా అమ్మదీ అదే చెయ్యి. గరిట, చీపురు, పట్టకారు, ఏది అందితే దానితో బాదేది. ఆవిడ పోయాక ఆవిడ తాలూకు నాకు మిగిలినవి రెండే: ఆ చెయ్యి, ఒక నూలు చీర. లేత ఆకుపచ్చ చీరకి ఇటుకరంగు అంచు. దెబ్బలు తిన్న రోజుల్లో నా కళ్ళముందు ఆ అంచే కదులుతుండేది. అయినా ఆ చీరని పెట్టె అడుగున దాచుకున్నాను. అమ్మంటే నాకు ప్రాణం, ఇంకే కారణమూ లేదు.

కొల్లేటి సరస్సులో చేపల చెరువుల గట్లని గవర్నమెంటు వాళ్ళు పేల్చేసిన ఏడాది సంగతి ఇది. ఆ చప్పుడు మా తాడేపల్లిగూడెం దాకా వినపడలేదు గానీ, ఏలూరు వైపు నుంచి వచ్చిన వాళ్ళందరూ అదే చెప్పేవారు. మట్టి తాటిచెట్టంత ఎత్తు లేచి పడిందని, చెరువు నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయని, చేపలు బురదలో కొట్టుకుంటూ చచ్చాయని. ఆ గట్ల మీద గుడిసెలు వేసుకుని చెరువులకి కాపలా కాసేవాళ్ళు, వలలు లాగేవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. పనులు వెతుక్కుంటూ పోతూ పిల్లల్ని ఏలూరు అవతల, సరస్సు అంచున ఉన్న ఒక హాస్టల్లో వదిలేశారు. చలికాలం వచ్చేసరికి ఆ పిల్లలు గోనెసంచులు కప్పుకుంటున్నారని తెలిసింది. మా చర్చి ఆడవాళ్ళం బొంతలు కుట్టి పంపుదామనుకున్నాం.

మాకు పెద్ద దిక్కు ఒక రిటైరైన టీచరుగారు. భోజనాలయ్యాక ఆరుగురం చర్చి వరండాలో కూర్చునేవాళ్ళం. ఇంటింటికీ తిరిగి తెచ్చిన పాత నూలు చీరల్ని నాలుగు పొరలుగా పరిచి, అంచులు మడిచి, చుట్టూ కుట్టుకుంటూ నడిమధ్యకి వచ్చేవాళ్ళం. బొంత కుట్టే సూది బొటనవేలంత ఉంటుంది. టీచరుగారు ఆ సూదుల్ని పౌడరు డబ్బాలో పెట్టుకుని, రోజూ లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునేవారు.

ఒక మధ్యాహ్నం మా తోడికోడలు ఆలస్యంగా వచ్చింది. మా బావగారి భార్య, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు మావి. ఆవిడ సంచిలోంచి చీరలు తీసి ఒకదాని మీద ఒకటి పరుస్తోంది. నాలుగోది పరిచేసరికి నాకు ఇటుకరంగు అంచు కనపడింది. అప్పటికే దాన్ని మధ్యకి చింపేసింది.

"అక్కా, అది మా అమ్మదండీ," అన్నాను.

"పెట్టెలో చిమ్మటలు కొట్టేస్తున్నాయని తీశానమ్మా. పసిపిల్లలకే కదా."

"నా పెట్టె ఎవర్ని అడిగి తీశారండీ?"

"దేవుడి పనికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

మా వైపు కొట్టుకునేటప్పుడు కూడా నోట్లోంచి అండీ పోదు. ఏవండీ, సిగ్గులేదండీ మీకు అంటూనే వెళ్ళి ఆవిడ కొప్పు పట్టుకున్నాను. ఆవిడ నా చెంప మీద గోళ్ళు దించింది. ఇద్దరం ఆ చీరల మీదే పడ్డాం. నా మోకాలు ఆవిడ పొట్టలో ఉంది, ఆవిడ పిడికిలి నా పక్కటెముకల్లో ఉంది. ఆవిడ గాజులు నా ముంజేతి కింద చిట్లిపోయాయి. గుప్పెడు వెంట్రుకలు నా వేళ్ళకి చుట్టుకుని ఊడి వచ్చాయి. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నాకు హాయిగానే ఉంది. మిగతా ముగ్గురూ "యేసయ్యా" అంటూ లేచారే గానీ దగ్గరికి రాలేదు. టీచరుగారే గజంబద్ద పట్టుకొచ్చి ఇద్దరి వీపుల మీదా చెరొకటి వేశారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, అయినా వీపు చుర్రుమంది.

"ముందు గాజుముక్కలు ఏరండి," అన్నారు ఆయాసపడుతూ. "ఏరాక చెరోవైపూ కూర్చుని ఈ బొంత మీరిద్దరే కుట్టండి. అయ్యేదాకా ఒక్క మాట వినపడటానికి వీల్లేదు."

కుట్టాం. ఒక్కో కుట్టూ ఆవిడ ఒంట్లో దించుతున్నంత కసిగా దించాను.

కొట్లాటకి లేచేటప్పుడు నా చేతిలో ఎర్రదారం ఎక్కించిన సూది ఉంది. మళ్ళీ కూర్చునేటప్పటికి లేదు. డబ్బాలోంచి ఇంకోటి తీసుకున్నాను. సాయంత్రం టీచరుగారు "ఒక సూది తగ్గిందేంటమ్మా?" అంటే, ఇందాక నీళ్ళకని ఇంటికెళ్ళినప్పుడు అక్కడే మరిచిపోయానండి, తెచ్చేస్తాను అన్నాను. ఆ కొట్లాటలో పోయిందంటే మళ్ళీ అందరి ముందూ నా సంగతి లేస్తుంది, తల ఎక్కడ పెట్టుకోను? వరండా పగుళ్ళలో ఎక్కడో పడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులకి బొంతలన్నీ మూటలు కట్టి వ్యాన్లో పంపించారు. వెంట వెళ్ళి పంచి, ఏలూరులో చుట్టాలింట్లో నాలుగు రోజులుండి వచ్చింది మా తోడికోడలే.

ఆవిడ వచ్చి పిల్లలు ఎలా మురిసిపోయారో చెబుతుంటే నాకు ఆ సూది గుర్తొచ్చింది. వెళ్ళి వరండా రెండుసార్లు ఊడ్చాను. చెత్తంతా వేళ్ళతో వెతికాను, లేదు. మరి బొంతలోనే ఉంది, పొరల మధ్య. ఏ పిల్లో నిద్రలో పక్కకి తిరుగుతుంది. కంట్లో దిగవచ్చు, కణతలో దిగవచ్చు. మర్నాడు పొద్దున్న కూర తరుగుతుండగా ఆవిడకి చెప్పేశాను. కొట్లాట అయ్యాక ఆవిడతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

హాస్టలు దారి తెలిసింది ఆవిడకే కాబట్టి ఆ మధ్యాహ్నమే ఇద్దరం ఏలూరు బస్సెక్కాం. ఉంగుటూరు దాటాక ఆవిడ కిటికీ వైపు చూస్తూ అంది.

"సూది వంక పెట్టి చీర తెచ్చుకోడానికే కదా ఇదంతా?"

"నోరు మూసుకోండి అక్కా. బస్సని కూడా చూడను."

అన్నాను గానీ, ఆ మాట నాలో ముల్లులా దిగింది. సూది దొరికితే ఆ కుట్లన్నీ విప్పాలి. విప్పితే చీర బయటికి వస్తుంది. ఆ ఆశ నాలో లేదని ఒట్టు వెయ్యలేను.

ఏలూరులో దిగి ఆటోలో హాస్టలుకి చేరేసరికి నాలుగయింది. వార్డెనమ్మకి మా రాక నచ్చలేదు. "పంచిపెట్టినవి మళ్ళీ లాక్కుంటే పిల్లలు బెంగెట్టుకుంటారండీ," అంటూ వరండాలో మా తోడికోడల్ని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడగడం మొదలుపెట్టింది. నేను ఆగలేక బొంత వెతుక్కుంటూ పెరట్లోకి నడిచాను. కుళాయి దగ్గర సిమెంటు గట్టు మీద ఎనిమిదేళ్ళ పిల్ల ఒకర్తే కూర్చుని ఉంది. ఇంకా ఎండ ఉండగానే ఒళ్ళంతా బొంత చుట్టుకుంది. పైన ఇటుకరంగు అంచు.

"అమ్మా, ఒక్కసారి అది ఇవ్వమ్మా. చూసి మళ్ళీ ఇచ్చేస్తాను," అన్నాను, వీలైనంత మెత్తగా.

పిల్ల ముఖం నల్లబడిపోయింది. "ఇవ్వనండి," అంది.

"అందులో సూది ఉందే. గుచ్చుకుంటుంది. మళ్ళీ ఇచ్చేస్తానంటున్నానా?"

"ట్రాక్టరోళ్ళూ ఇలాగే అన్నారండి! గట్టు పేల్చే ముందు మా బిందెలు, మా మంచం, మా అమ్మ చీరలు అన్నీ ఎక్కించుకుని మళ్ళీ ఇచ్చేస్తాం అన్నారండి! ఇవ్వలేదండి!" గొంతు చించుకుని అరిచింది.

నేను అంచు పట్టుకుని లాగాను. తనూ లాగింది. కుట్లు పుటుక్కుమన్నాయి. అమ్మ చీర చిరుగుతున్న చప్పుడు విని నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంకా గట్టిగా లాగాను. పిల్ల నా మణికట్టు కొరికింది. ఊరికే కాదు, పళ్ళు దిగేలా.

కొట్టాను. చెంప మీద, అరచెయ్యి తెరిచి, అమ్మ కొట్టినట్టే. పిల్ల తిరిగి గట్టు మీద పడింది. పెదవి చిట్లి రక్తం కారింది. ఏడవలేదు. లేచి కూర్చుంటూ జడ రిబ్బను మడతలోకి చెయ్యి పోనిచ్చి ఏదో తీసి, నేను బొంత మీద చెయ్యి వెయ్యగానే నా చేతి మీద పొడిచింది. ప్రాణం జివ్వుమంది. చూద్దును కదా, సూది. దాని కన్నంలో జానెడు ఎర్రదారం ఇంకా వేలాడుతోంది.

"ఇది... నీ దగ్గరే ఉందా?"

"మొదటి రోజే గుచ్చుకుందండి." గౌను పక్కకి లాగి చూపించింది. ఎడమ డొక్కలో ఎర్రగా వాచి చీము పట్టింది.

"మరి వార్డెనమ్మతో చెప్పలేదేమే?"

నా తెలివితక్కువతనానికి జాలిపడుతున్నట్టు చూసింది. "చెబితే బొంత తీసేసుకుంటారు కదండీ."

వరండా వైపు నుంచి మాటలు దగ్గరికొస్తున్నాయి. అవి పిల్లకీ వినపడ్డాయి. గబగబా సూది నా చేతిలో పెట్టింది. గౌను అంచుతో పెదవి తుడుచుకుంది, బొంతకి రక్తం అంటకుండా. తర్వాత గొంతు తగ్గించి, పెద్దమనిషిలా బేరం పెట్టింది.

"సూది తీసేసుకోండి. బొంత మాత్రం అడక్కండి. మీరు కొట్టినట్టు నేను ఎవరికీ చెప్పనండి."

ఆ పిల్ల కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు.

వార్డెనమ్మ, వెనకే మా తోడికోడలు వచ్చారు. నేను పిడికిట్లో ఉన్న సూది చూపించాను. మా తోడికోడలు నా ముఖంలోకి చూసి తల దించుకుంది. సూది మాట నిజమేనని ఆవిడకి అప్పటికి నమ్మకం కుదిరింది. వార్డెనమ్మ పిల్లని చూసి, "మూతికేమైందే?" అంది.

"జారిపడ్డానండి," అంది పిల్ల, నా వైపు చూడకుండా.

వార్డెనమ్మ నా వైపు తిరిగింది.

"అవునండీ," అన్నాను. "ఇక్కడంతా పాచిగా ఉందండీ."