రేపట్నుంచి రామాక

మా కారం యూనిట్‌లో నా నోటికి జడవనివాళ్ళు లేరు. మాచర్ల రోడ్డులో, రెంటచింతలకి కాస్త ఇవతల, రేకుల షెడ్డు అది. ఒకవైపు మిరపకాయలు మర పడతారు, ఇంకోవైపు కారం తూకం వేసి ప్యాకెట్లకి సీలు వేస్తారు. ప్యాకింగ్ వైపు మేనేజర్ని నేను. ఎండాకాలం ఆ రేకుల కింద నిలబడితే నెత్తిన సెగ, ముక్కులో ఘాటు, కళ్ళలో మంట. అట్లాంటి చోట రోజంతా మెత్తగా మాట్లాడగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకో దండం. నావల్ల కాదు.

తూకం తగ్గితే తిట్టేదాన్ని. సీలు ఊడితే తిట్టేదాన్ని. తలకి గుడ్డ కట్టుకోకుండా వస్తే ఇంకా తిట్టేదాన్ని. కోపం నెత్తికెక్కితే చివరికి నా నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, "నువ్వు రేపట్నుంచి రామాక!" అని. రోజూ ఎవరో ఒకరికి ఆ మాట పడాల్సిందే. పడినవాళ్ళు "అట్టాగే మేడంగారూ" అని మూతి తిప్పుకుని పనిలో పడేవాళ్ళు. మర్నాడు అందరికంటే ముందొచ్చేది వాళ్ళే. నేనూ ఏమీ ఎరగనట్టు ఊరుకునేదాన్ని.

ఈ మాట ఎక్కువగా పడింది సీలు బల్ల దగ్గర కూర్చునే ఒకావిడకి. రెంటచింతల నుంచి ఆటోలో వచ్చేది. నాకంటే పెద్దది. ఆదివారం చర్చిలో పూజ మానదు, మిగతా రోజుల్లో కబుర్లు మానదు. మోకాళ్ళ నొప్పులతో పొలం పనులు మానేసి, కూర్చుని చేసే పని అని మా దగ్గర చేరింది. కొడుకు నరసరావుపేటలో నర్సింగ్ చదువుతున్నాడు. వాడి చదువు ఈవిడ జీతం మీదే నడుస్తోంది. "మావాడు సూదేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదంట మేడంగారూ. మీకు బీపీ వస్తే వాడే చూసుకుంటాళ్ళే, తిట్టండి ఇంకా" అని నన్నే ఆటపట్టించేది. "ముందు ప్యాకెట్టు చూడవే" అని కసిరి, పక్కకి తిరిగి నవ్వుకునేదాన్ని.

కిందటేడు ప్యాకింగ్ మిషన్ వచ్చింది. తూకం, సీలు అన్నీ అదే వేస్తుంది. ఓనరుగారు ఫోన్ చేసి, "సీలు బల్ల తీసేద్దామమ్మా. ఆ బల్ల దగ్గరవాళ్ళకి నువ్వే చెప్పు. నీకు నోరుంది గదా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నోరుంది తిట్టడానికండీ, ఒకళ్ళ కడుపు కొట్టడానికా?" అన్నాను.

ఆయనా చెడ్డమనిషి కాదు. మిషన్ మీద తెచ్చిన అప్పు ఆయన నెత్తిన కూర్చుని ఉంది. బల్ల దగ్గర మిగతా ఇద్దరూ వయసులో ఉన్నవాళ్ళు, పత్తి తీతలకైనా పోతారు. "ఈవిడ ఒక్కదాన్నీ ఉంచండి, కొడుకు చదువు అయ్యేదాకా" అని బతిమాలాను. "ఆమెని ఉంచి, ఆ ఇద్దరికీ ఏమని చెప్తావమ్మా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఆ వారమంతా నీళ్ళు నమిలాను. ఇవాళ చెబుదాం, కాదు రేపు చెబుదాం. ఆవిడ కొడుకు ఊసు ఎత్తితే చాలు, నాకు వేరే పనేదో గుర్తొచ్చేది. దానికి తోడు నా నోరు పడిపోయింది. సీలు ఊడిన ప్యాకెట్టు చేతిలో పెట్టుకుని కూడా ఆవిడని ఏమీ అనలేకపోయాను. చివరికి ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక నా గదిలోకి పిలిచి కుర్చీ జరిపాను.

"కూర్చో అక్కా."

ఆవిడ కూర్చోలేదు. కుర్చీ వంక చూసింది, నా వంక చూసింది.

"అక్కా అంటారేంది మేడంగారూ?"

"ముందు కూర్చో. టీ తెప్పించనా?"

ఆవిడ మొహంలో రంగు మారిపోయింది. "నిన్న సీలు ఊడినయ్యి నా ప్యాకెట్లే. నాకు తెలుసు. తిట్టండి, పడతా" అంది.

"నీ తప్పేం లేదక్కా."

ఊరట కలుగుతుందనుకుని అన్నాను ఆ మాట. తప్పుంటే దిద్దుకునేది. ఏ తప్పూ లేదంటే ఇంక ఆవిడ చెయ్యగలిగిందేముంది? ఆ సంగతి నాకంటే ముందు ఆవిడకే అర్థమయింది.

"మిషన్ వచ్చింది గదా... నెలాఖరు దాకా రా. ఆ తర్వాత..."

"వాడికింక ఒక్క ఏడాదే మేడంగారూ. నేను వంగి పని చెయ్యలేనని మీకు తెలుసు గదా."

"తెలుసు. ఆయన్ని చానాసార్లు అడిగానక్కా, నీమీద ఒట్టు. ఒప్పుకోలా."

ఆవిడ ఒక్క అడుగు ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అట్టా మెత్తగా చెప్పమాకండి. ఎప్పట్లాగా తిట్టండి. 'ఏమే, రేపట్నుంచి రామాక' అనండి. మీరు తిట్టి పంపితే రేపు మళ్ళీ వస్తా. ఇన్నాళ్ళూ అట్టాగే గదా వచ్చింది" అంది.

నోరు తెరిచాను. ఇంతమందిని ఇన్నిసార్లు అన్నదాన్ని, ఆ ఒక్క మాట నాకు రాలేదు. ఏడుపొచ్చేసింది. ఆవిడ పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకోబోతే గభాల్న లాగేసింది. "కారం చెయ్యి మేడంగారూ, మండిపోద్ది. ఇట్టా తుడుచుకోండి" అని మోచేతి మడతతో తన కళ్ళు తుడుచుకుని చూపించింది. అయ్యో, తన కడుపు కొడుతున్నదాని కళ్ళు మండుతాయని బెంగపడింది ఆ తల్లి!

నెలాఖరు దాకా వచ్చింది. తర్వాత కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరప తొడిమలు తీసే పనిలో కుదిరింది. కూర్చుని చేసే పనే, కానీ సీజన్లోనే దొరుకుతుంది. కొడుకు పగలు కాలేజీకి పోతూ రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాడట. తనే ఫోన్ చేసి చెప్పింది. "చదువు ఆగలా మేడంగారూ. మనిషే చిక్కిపోయాడు" అంది. బతికించావు తండ్రీ అనుకున్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత నా నోరు మార్చుకుందామని గట్టిగానే అనుకున్నాను. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాల్సొస్తుందో, ఉన్నన్నాళ్ళు నాలుగు మంచి మాటలైనా ఆడదాం అని. మిషన్‌లోకి కారం తోడిపోసే ఆవిడ ఒకతె ఉంది. నేను ఒకటంటే తను రెండనే మనిషి. ఒకరోజు ఎండకి వాడిపోయి కనపడితే దగ్గరికెళ్ళి, "అన్నం తిన్నావా తల్లీ? కాసేపు నీడన కూర్చో" అన్నాను.

ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టేసింది. పక్కవాళ్ళ చేతులు కూడా ఆగిపోయాయి. ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"నాది కూడా అయిపోయిందా మేడంగారూ?"